గోడకు బిగించిన నీలం స్కీలు

హలో… ఆ, నేనేనమ్మా, బుర్గిని. పన్నెండో గదిలో ఓట్మార్ భార్యని… ఎవరు, మిలేనాయేనా?… హమ్మయ్య. పొద్దుటి నర్సయితే ఒక్కో ముక్కా మూడేసిసార్లు చెప్పాలి.

ఎలా ఉన్నాడు?…

మళ్ళీనా!…

బంతి విసిరికొట్టాడా? ఎవరి మీదకి?… కిటికీ మీదకా. పోనీలే, మనిషికి తగల్లేదుగా.

ఇవాళైనా లేచి నిలబడ్డాడా?… అసలు లేవనేలేదా?… మంచం అంచు దాకా కూడా?…

మొండిఘటం. నలభై మూడేళ్ళు కాపురం చేశాను, నాకు కొత్తా ఏమన్నానా…

ఆ, తెలుసు. డాక్టరు గారు నాకూ చెప్పారు. ఈ నెలాఖరుకి ఆ కుడికాలు నేల మీద మోపకపోతే ఇక జన్మంతా చక్రాల కుర్చీయే అని. అందుకేగా నేనీ వయసులో, ఈ మోకాళ్ళతో, రెండు బస్సులు మారి ఈ కొండెక్కింది!

అవునమ్మా, మంచు మీద జారే ఆ స్కీల కోసమే. 'నీ స్కీలు తెచ్చి నీ మంచానికి ఎదురుగా నిలబెడతాను, రోజూ చూసుకుంటూ లే' అని మాటిచ్చాను కదా. ఆ మాట విన్నాకేగా కుడికాలి బొటనవేలు కదిపాడు. నువ్వూ చూశావు…

దొరికాయా అంటే… ఆ… అదే, ఆయనకే చెబుతాను. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టు. ఎడమ చెవికి. ఆ చెంచా కూడా చేతికివ్వు. మంచం ఇనుప కడ్డీ దగ్గరగా ఉండాలి చెయ్యి…

నువ్వెక్కడికీ పోకమ్మా, అక్కడే ఉండు.

ఓట్మార్? వినపడుతోందా?…

గురువారం.

ఆ, గురువారమే, నాయనా. ఇవాళ ఆదివారమైనా నీకు గురువారమే. అన్నం తిన్నావా అంటే గురువారం, నొప్పి ఎక్కడా అంటే గురువారం. తల్లో నెత్తురుగడ్డ కట్టి మాటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, ఒక్కటి మిగిలింది. ఆ మిగిలేదేదో నా పేరు మిగలకూడదూ!

సరేలే, మూలగకు. చెంచా ఉందిగా. ఒక దెబ్బ అవును, రెండు దెబ్బలు కాదు…

ఆ, వినపడింది. గట్టిగానే కొట్టావు.

బంతి ఎందుకు విసిరికొట్టావు?… నిజమేలే, దానికి అవును కాదు అని చెప్పలేవు. సిగ్గేసిందా? పిల్లలాట ఆడిస్తున్నారనా?…

ఒక దెబ్బ. అదీ సంగతి. అరవై తొమ్మిదేళ్ళ వడ్రంగిని, నాకు రబ్బరు బంతా అని. సరే, నీ కోపం నీది. నా కోపం విను ఇప్పుడు. నాకు ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉంది.

ఆ, హోటల్లోనే ఉన్నాను. నిన్న మధ్యాహ్నం దిగాను. మూడింటికే ఆఖరి బస్సట, ఇక తిరిగి వెళ్ళే దారేది? ఒక రాత్రి ఉండక తప్పలేదు. ఆ ఒక్క రాత్రికి ఎంతో ఊహించు…

నీ మొహం. నువ్వు చెంచాతో కొట్టే లెక్క కాదది. ఐదు వందల నలభై! ఒక్క మనిషికి, ఒక్క రాత్రికి. మనం మొదటిసారి వచ్చినప్పుడు వారం రోజులకి, ఇద్దరికీ, పొద్దున రాత్రి తిండితో కలిపి హోటలు నడిపే ముసలమ్మ ఎంత తీసుకుంది? ఆ కాలపు షిల్లింగులన్నీ యూరోల్లోకి మార్చినా ఇందులో సగానికి చాలవు.

ముసలమ్మ గామ్స్‌లేనర్ గరిటె పట్టుకుని బల్లల మధ్య తిరిగేది, గుర్తుందా? ఉండల సూపు. 'ఇంకో ఉండ' అని అడగక్కర్లేదు, గిన్నె ఖాళీ అయితే చాలు, పడేది. నువ్వోసారి ఏడు తిన్నావు, మెట్లెక్కలేక కూర్చున్నావు…

నవ్వుతున్నావా? నవ్వు నవ్వు. రాత్రి నాకు పెట్టిన సూపు చూస్తే ఏడ్చేవాడివి. పళ్ళెం ఇంత, చక్రమంత. మధ్యలో గుంట. గుంటలో మూడు చెంచాల సూపు, దాని మీద ఓ గడ్డిపోచ. గడ్డే, ఓట్మార్! కొండమీద ఎండబెట్టిన గడ్డట. వాసన కోసమట. పై పటారం, లోన లొటారం అంటే ఇదే.

దిగగానే ఓ కుర్రాడు వచ్చి నా సంచీ లాక్కున్నాడు. దొంగేమో అనుకున్నాను. తర్వాత చిన్న గ్లాసులో ఏదో పోసి ఇచ్చారు. స్వాగత పానీయం. ఏమిటయ్యా అంటే పైన్ ఆకుల నీళ్ళు. మా పెరట్లో నాలుగు పైన్ చెట్లున్నాయి బాబూ, నేనెప్పుడూ నాకలేదు అన్నాను.

గదిలో ఒక కాగితం. ఏడు రకాల దిళ్ళు! ఏది కావాలో గీత పెట్టాలట. గుర్రం వెంట్రుకలది, ఊకది, దేవదారు పొట్టుది… పొట్టు, ఓట్మార్! నువ్వు జీవితమంతా ఊడ్చి పారబోసింది వీళ్ళు తలకింద పెట్టి అమ్ముతున్నారు. ఆ పొట్టంతా దాచుకుని ఉంటే ఈ పాటికి మేడ కట్టేవాళ్ళం.

పక్క గదిలో ఆమెకి కుక్కపిల్ల ఉంది. దానికో మంచం. దుప్పటి మీద దాని పేరు కుట్టారు. ముప్ఫై ఒక్క చలికాలాలు వచ్చాం మనం. మనకేమిచ్చారో తెలుసా, పాత అతిథులని? తేనె సీసా. ఎంత? నీ బొటనవేలంత.

ఆ… ఆ, విన్నాను నీ దెబ్బలు. రెండూ విన్నాను. దీని గురించి కాదు, అంతేగా?

స్కీల గురించి అడుగుతున్నావు.

చెబుతాను. ఉండు. ఇదొక్కటి చెప్పనీ. పొద్దున ఫలహారం దగ్గర, బల్ల మీద ఒక చిన్న అట్ట. 'దయచేసి పదార్థాలు వెంట తీసుకెళ్ళకండి. మధ్యాహ్న భోజనం మూట కావలసినవారు ఇరవై నాలుగు యూరోలు.' నాకు నువ్వే కళ్ళముందు మెదిలావు. కోటు లోపలి జేబులో రెండు రొట్టెలు, చీజు, కాగితంలో చుట్టిన దోసకాయ! ముసలమ్మ చూసీ చూడనట్టు ఇంకో కోడిగుడ్డు నీ పక్కన పెట్టి పోయేది. అందుకని నేనేం చేశానో చెప్పు?…

ఒక దెబ్బ! అవును! మూడు రొట్టెలు చుట్టాను, నీ పేరు చెప్పుకుని. అదిగో వాళ్ళ అట్ట ముందే, దాని కళ్ళెదుటే చుట్టాను.

నీ ఎర్ర కోటే తొడుక్కొచ్చాను. నా కోటు జిప్పు పోయింది. ఇందులో నీ స్క్రూడ్రైవర్ ఇంకా జేబులోనే ఉంది, కూర్చున్నప్పుడల్లా పక్కటెముకల్లో పొడుస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా అది తీసెయ్యమని మొత్తుకుంటున్నాను. కొండమీద ఎవడి స్కీ కట్లు వదులైనా నువ్వే కావాలి, నువ్వే వంగి బిగించాలి. ఊరందరి చాకిరీ…

గురువారం, గురువారం, గురువారం! అరవకు. మిలేనా భయపడుతుంది. సరే. చెబుతున్నాను.

స్కీలు కింద లేవు.

…

ఓట్మార్?…

చెంచా కొట్టు. ఉన్నావా?…

ఆ. విను. పొద్దున కౌంటరు దగ్గర పిల్లని అడిగాను. అమ్మా, గామ్స్‌లేనర్ గారి నేలమాళిగలో మా ఆయన స్కీలున్నాయి, కొక్కేనికి చెక్క బిళ్ళ కట్టి ఉంటుంది, హీబ్లె అని మా ఇంటిపేరుతో, తెచ్చిపెట్టు అన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు! ముసలిదానికి మతి పోయిందనుకుంది. నేలమాళిగలో స్కీలుండవు మేడమ్, అక్కడ ఆవిరి గదులున్నాయి అంది.

నేను నమ్మలేదు. మెట్లు దిగి వెళ్ళాను. తలుపు తెరిస్తే వేడి. మన కొక్కేలుండే గోడంతా నున్నటి రాళ్ళు, ఆ గోడ కింద వరసగా పెద్దమనుషులు, తువ్వాళ్ళు చుట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఎర్రగా, ఉడికినట్టు. నేను ఎర్రకోటు, మంచుబూట్లతో గుమ్మంలో. ఒకాయన తువ్వాలు సర్దుకుని, బూట్లు విప్పండి మేడమ్, అన్నాడు. మా ఆయన స్కీలేవి అన్నాను. ఆయనేం చెప్తాడు పాపం.

ముసలమ్మ చచ్చి నాలుగేళ్ళయింది కదా. ఆవిడ మాట ఆవిడతోనే పోయింది. 'స్కీలు ఇంటికి మొయ్యకండి. ఇక్కడ వదిలి వెళ్ళినవాడు మళ్ళీ వస్తాడు' అనేది. నేను మోకాలు కోయించుకున్నాక నావి తెచ్చేసుకున్నాను. నిన్నూ తెచ్చుకోమన్నాను. విన్నావా? 'ఉండనీ, వాటి కోసమైనా వస్తాం' అన్నావు. ఇదిగో, వచ్చాను వాటి కోసం!

ఆగు, ఇంకా అయిపోలేదు. అసలు కోపం ఇక్కడుంది.

కింద నుంచి వచ్చి ఈ బార్‌లో కూలబడ్డాను. మన పాత భోజనాల గదే ఇది, ఇప్పుడు బార్. ఒక వేడి చాక్లెట్ చెప్పాను. పదిహేడు యూరోలు. మీగడ వేస్తే ఇంకో మూడు. వద్దన్నాను. కప్పు ఎత్తి, తల పైకెత్తి తాగుతున్నాను…

ఓట్మార్, నీ స్కీలు నా నెత్తిమీదున్నాయి.

గోడ మీద! గోడకి బిగించారు! ఏడు జతలు, విసనకర్రలా. కింద దీపాలు. అన్నీ ఎవరెవరివో చెక్కవి, పాతవి. మధ్యలో నీవి. నీలంవి. ఎడమదాని కొనకి నువ్వు కొట్టిన ఇత్తడి రేకు దీపం వెలుగులో ధగధగా మెరిసిపోతోంది. ఆ రేకు కొట్టిన రోజు చలికి నీ వేళ్ళు కొంకర్లు పోయాయి, నేను ఊదుతూ కూర్చున్నాను. నాకు తెలియదా ఆ రేకు?

కన్నాలు పెట్టారు. స్కీలకి కన్నాలు! కాలు నిలబడే చోట, సరిగ్గా ఆ చోటే, మరతో పొడిచి స్క్రూలు దించారు. జన్మలో ఒక్కసారైనా మంచు మీద జారినవాడు చేసే పనేనా అది?…

ఆ, నాకూ ఏడుపొచ్చింది. తర్వాత ఏడుపు పోయి మంట మిగిలింది.

కింద ఒక పలక కూడా ఉంది, ఉండు చదువుతాను. 'మా ఇంటి పాత రోజుల జ్ఞాపకాలు.' మా ఇంటి అట! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం చూశాను గానీ, వేరేవాడి చెట్టు పెరికి తెచ్చి నాటుకుని అమ్ముకోవడం ఇప్పుడే చూస్తున్నాను.

అక్కణ్ణుంచే చేస్తున్నాను ఫోన్. వాటి కిందే కూర్చున్నాను. అరగంట నుంచి. కదలను. 'కొర్బీనియన్‌ని పిలవండి, వాడొచ్చేదాకా కదలను' అని చెప్పాను.

ఆ, కొర్బీయే. ముసలమ్మ మనవడే. ఇప్పుడు హోటలంతా వాడిదే. ముక్కు కారుతూ నీ వెంట తిరిగిన కొర్బీ. వాడికి తెలిసే చేశాడంటావా?…

రెండు దెబ్బలు. తెలియదంటావు. నువ్వెప్పుడూ అందరినీ వెనకేసుకొస్తావు. నన్ను తప్ప.

బాబూ, బాబూ, ఆ కప్పు తీసెయ్యకు. పదిహేడు యూరోలు పోశాను, అడుగున ఇంకో గుక్క ఉంది. ఆ, అక్కడే ఉండనీ.

ఏమ్మా, కుక్కపిల్లగారూ… మిమ్మల్నే. బాగా చూడండి. టిక్కెట్ లేదులెండి. మా ఆయనతో మాట్లాడుతున్నాను.

వస్తున్నాడు ఓట్మార్. అదిగో. నల్లకోటు, మెడలో గుడ్డ, జుట్టుకి నూనె. నిమ్మకు నీరెత్తినట్టు నవ్వుకుంటూ వస్తున్నాడు. ఫోన్ కట్ చెయ్యకు. వింటూ ఉండు.

రా కొర్బీ. కూర్చో… వద్దులే, నిలబడే ఉండు.

బాగున్నాను… ఆయనా? ఆయన ఫోన్లోనే ఉన్నాడు. అంతా వింటున్నాడు. నోరు పడిపోయింది గానీ చెవులు బాగున్నాయి.

ఆ. నవంబరులో. కుడివైపంతా…

జాలి తర్వాత పడుదువుగానిలే. పైకి చూడు. మధ్యలోవి, నీలంవి. అవి ఎవరివి?…

'అలంకరణలో భాగం'. విన్నావా ఓట్మార్? నువ్వు అలంకరణలో భాగం.

ఎవరు? డిజైనరమ్మా? వియన్నా నుంచా?… ఆవిడ నేలమాళిగలో పడున్నవన్నీ చూసి, పాతవి ఏరుకుని… పడున్నవి కావురా అవి! దాచినవి! మీ నాయనమ్మ చేతికిచ్చి దాచుకున్నవి!

ఈమెయిలా?…

ఎప్పుడు?… పోయిన వసంతంలో. 'జూన్ నెలాఖరు లోపల తీసుకెళ్ళకపోతే హోటల్‌కి చెందుతాయి.' ఎవరికి పంపావు?… ఓట్మార్‌కి.

ఓట్మార్! ఈమెయిల్ వచ్చిందటయ్యా నీకు! ఆ పెట్టె ఎప్పుడైనా తెరిచావా నువ్వు? పద్నాలుగు వందల ఉత్తరాలు చదవకుండా పడున్నాయి అందులో, నేను ఎన్నిసార్లు…

గురువారం. ఆ, గురువారం చూద్దువుగానిలే.

చూడు కొర్బీ, ఆయన వడ్రంగి. కాగితమ్ముక్క మీద రాసి పోస్టులో వేస్తే చదువుతాడు. ముప్ఫై ఒక్కేళ్ళు వచ్చినవాళ్ళం, ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా? ఏడు రకాల దిళ్ళ గురించి కాగితం పెట్టడానికి తీరిక ఉంది. కుక్క పేరు దుప్పటి మీద కుట్టించడానికి తీరిక ఉంది.

పోయిన చలికాలం నా రెండో మోకాలు. అందుకు రాలేదు. ఈ ఏడు ఆయన. ఒక్క ఏడు రాకపోతే పోయినవాళ్ళ లెక్కేనా మేము?…

ఒద్దు. నాకు ఉచితంగా రాత్రి వద్దు. ఇంకో రాత్రి ఇక్కడ పడుకుంటే నాకు పిచ్చెక్కుతుంది.

ఆవిరి గది కూపను కూడా వద్దు. నేను ఇప్పటికే ఉడుకుతున్నాను.

ఎంత?… పన్నెండొందలా? ఓట్మార్, నీ స్కీలకి వీళ్ళు పన్నెండొందల యూరోలు ధర కట్టి పుస్తకంలో రాసుకున్నారు! బీమా కూడా చేశారట! అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను. ఇక్కడ అల్లుడు దానికి బీమా కూడా చేయించుకున్నాడు.

సీజనయ్యాకా?… ఈస్టర్ తర్వాత. గోడ మీద ఖాళీ కనపడకూడదా ఇప్పుడు. అతిథులు ఫొటోలు తీసుకుంటారా దాని ముందు.

కొర్బీ, ఇటు చూడు. నా మొహం చూడు, గోడ కాదు. అక్కడ కెంప్టెన్ ఆసుపత్రిలో మంచం మీద ఒక మనిషి లేవనంటున్నాడు. పది రోజుల నుంచి లేవడం లేదు. ఈ నెలాఖరు లోపల లేవకపోతే ఇక లేవడు. నా స్కీలు నా కోసం కొండమీద ఎదురు చూస్తున్నాయి అన్న ఒక్క మాట మీద బొటనవేలు కదిపాడు. ఈస్టర్ దాకా ఆగమని ఆ వేలికి నువ్వొచ్చి చెప్పు.

…

వాచీ చూసుకోకు.

నీకు ఆ స్కీలు గుర్తులేవూ? నిజంగా? నాలుగేళ్ళప్పుడు నువ్వు పిల్లలు జారే వాలు ముందు కూర్చుని, దిగను దిగనని గుక్కపట్టి ఏడిస్తే, నిన్ను రెండు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని దింపిందెవరు? ఆ స్కీల మధ్యే నిలబడ్డావు. ఆ ఇత్తడి రేకు వైపు చూస్తూ ఉండు, కిందకి చూడకు అని చెబితే, చూస్తూ దిగావు. కింద మీ నాయనమ్మ గరిటె పట్టుకుని చప్పట్లు కొట్టింది.

కొన వెనక్కి తిప్పి చూశారా ఎవరైనా, ఎవరివో? పేరు రాసి ఉంది. తెల్లరంగుతో. ఓ. హీబ్లె అని. గోడ వైపు ఉంది ఆ పేరు. అందుకే మీకెవరికీ కనపడలేదు.

…

చూస్తున్నాడు ఓట్మార్. ఇప్పుడు చూస్తున్నాడు ఆ రేకు వైపు. మెడలో గుడ్డ లాక్కుంటున్నాడు.

ఏమన్నావు?… 'మీ బాధ నాకు అర్థమవుతోంది గానీ.' గానీ! ఆ గానీ ఎక్కడ నేర్చుకున్నావురా? మీ నాయనమ్మ నోట ఒక్క గానీ వినలేదు నేను.

ఓట్మార్, విన్నావుగా. వీడు ఈస్టర్ అంటున్నాడు. నేను ఈ సోఫా ఎక్కి పీకి పారేస్తాను. పీకెయ్యనా?…

రెండు దెబ్బలా?

వద్దా? ఊరుకోమంటావా? నీ స్కీలు వీళ్ళ గోడకి వదిలేసి రమ్మంటావా?…

రెండు దెబ్బలు. అదీ వద్దా. మరేం చెయ్యమంటావు? పీకొద్దంటావు, వదలొద్దంటావు… గురువారం గురువారం అంటే నాకెలా తెలుస్తుంది!

ఉండు… ఉండు ఉండు. పీకితే కన్నం చీలుతుంది. చెక్క పగులుతుంది. అంతేనా?…

ఒక దెబ్బ.

స్క్రూలు విప్పమంటావు. నెమ్మదిగా.

ఒక దెబ్బ! వడ్రంగి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు! ఇంటికి నిప్పంటుకున్నా బందులు విప్పి తలుపు తీసే మనిషివి నువ్వు!

సరే. ఉంది. నీ జేబులోనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా నన్ను పొడుస్తూనే ఉంది.

తప్పుకో కొర్బీ. బూట్లు విప్పుతున్నాను, నీ సోఫాకేం కాదు. మేజోళ్ళు ఉతికినవే.

కుక్కపిల్లగారూ, మీ గ్లాసు కాస్త అటు జరపండమ్మా. పొట్టు రాలుతుంది.

ఎవరిని పిలుస్తావు? పోలీసులనా? పిలువు. అరవై ఏడేళ్ళ ముసలిది మొగుడి స్కీలు దొంగిలిస్తోందని చెప్పు. మీ అతిథులు దానికి కూడా ఫొటోలు తీసుకుంటారు.

ఎక్కాను ఓట్మార్. సోఫా మెత్తగా కుంగుతోంది, చచ్చింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కుకున్నాను. ఆగు, నీ దెబ్బలు వినపడాలి కదా.

నాలుగు స్క్రూలున్నాయి. ఒక్కోదానికి రెండు. ముందు కిందవా, పైవా? కిందవేనా?…

ఒక దెబ్బ. కిందవి.

ఎడమకేగా తిప్పాలి?…

ఆ, ఆ, నాకు తెలుసులే, ఊరికే అడిగాను. కసురుకోకు.

తిరగడం లేదు. మరతో దించారు కదా, రాక్షసుల్లా… ఊఁ… ఊఁ… నా మణికట్టు… ఆ! కదిలింది! ఓట్మార్, కదిలింది!

ఏంట్రా కొర్బీ?… ఏమిటి?… కోటు ఎందుకు విప్పుతున్నావు?

అయితే అలా గుడ్లప్పగించి చూస్తావేం, కింద పట్టుకో! కొన పట్టుకో. అక్కడ కాదు, రేకు దగ్గర. నా మీద పడితే నన్ను కూడా ఈ గోడకి బిగించుకోవాలి నువ్వు… ఆ. అలా.

పట్టుకున్నాడు ఓట్మార్. రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఒకటి వచ్చేసింది. ఇదిగో, స్క్రూ నా నోట్లో పెట్టుకున్నాను, నువ్వు చేసినట్టే. ఇక…

ఏంటి?… ఎవరు?… మిలేనా, నువ్వా? ఏమైంది? ఎందుకలా అరుస్తున్నావు? చెంచా ఏదీ, చప్పుడు ఆగిపోయిందేం? ఏమైంది ఆయనకి!

దుప్పటా?…

తన్నేశాడా?…

ఏ కాలితో?…

మిలేనా, ఏ కాలితో!…

…

కుడికాలా? మళ్ళీ చెప్పు.

…

కొర్బీ, గట్టిగా పట్టుకోరా.

లేదమ్మా, ఏడవడం లేదు. నోట్లో స్క్రూ ఉంది, అందుకే. ఆయన్ని మంచం దిగనివ్వకు నేనొచ్చేదాకా. మొండివాడు, ఇప్పుడు మొదలెడితే ఆగడు. పడతాడు.

ఓట్మార్, నేను ఇవాళ మూడింటి బస్సుకే వస్తున్నాను. నీ స్కీలతోనే వస్తున్నాను. రొట్టెలు కూడా ఉన్నాయి.

…గురువారం. ఆ, నాయనా, గురువారమే.

ఉండు, ఇక ఫోన్ కింద పెడుతున్నాను. రెండు చేతులూ కావాలి. ఇంకా మూడు స్క్రూలున్నాయి.